అయిన్ రాండ్ చరిత్రము

మహనీయుల జీవితములను చదువుట బాలబాలికలకు మేలు చేయునని పెద్దలు చెప్పుదురు. ఈ సంచికయందు మిషనరీల చరిత్రములును, శాస్త్రజ్ఞుల చరిత్రములును, దేశభక్తుల చరిత్రములును తఱచుగా వెలువడుచుండును. అవి చదువదగినవే. కాని మనతో ఏకీభవించినవారి చరిత్రములనే చదువుచుండినచో మన బుద్ధి ఒంటికంటితో చూచుటకు అలవాటుపడును. మన విశ్వాసమును కాదన్నవారు ఏల కాదనిరో, ఏ కష్టము వారిచేత నట్లు పలికించెనో తెలిసికొనుటయు విద్యలో నొక భాగమే. అందుచేత ఈ పర్యాయము దేవుని నమ్మని యొక స్త్రీ చరిత్రమును వ్రాయ బూనితిమి.

ఆమె పేరు అయిన్ రాండ్. ఆమె వ్రాసిన నవల ననుసరించి "అట్లాస్ ష్రగ్డ్" అను చలనచిత్రము మూడు భాగములుగా 2011, 2012, 2014 సంవత్సరములలో అమెరికాయందు వెలువడెను. దానిని చూచిన పై తరగతుల విద్యార్థులు కొందఱు మాయొద్దకు వచ్చి, అందు చెప్పబడిన నీతి నిజమా, అబద్ధమా యని యడుగుచున్నారు. ఒక దేశము ఆర్థికముగా కూలిపోవుటయు, సమర్థులగువారు ఒక్కొక్కరే మాయమగుటయు, మనుష్యుని స్వాతంత్ర్యమే సమస్త సంపదకును మూలమని తేలుటయు ఆ చిత్రమందలి విషయములు. వారి ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్క మాటలో ఉత్తరమిచ్చుట న్యాయము కాదని మాకు తోచెను. ఆ కథ పుట్టిన చోటును ముందుగా చూడవలెను. వ్రాయబడినది అమెరికాయందే గాని, దాని బీజము పడినది రష్యా దేశమున ఒక మందుల దుకాణపు వాకిట.

బాల్యము

ఆమె 1905వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన, అప్పటి రష్యా రాజధానియగు సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు అలీసా రోజెన్‌బామ్. వారు యూదులు. తండ్రియగు జినోవి మందుల దుకాణము నడుపుచుండెను. జారు చక్రవర్తుల యేలుబడిలో యూదులకు నివాసమునందును, చదువునందును, ఉద్యోగములందును అనేక నిర్బంధము లుండెను. అట్టి దినములలో ఒక యూదుడు రాజధానీ నగరమున సొంత దుకాణమును సంపాదించుకొనుట సామాన్యమైన సంగతి కాదు. తల్లి పేరు అన్నా. ముగ్గురు కుమార్తెలలో అలీసా పెద్దది.

తొమ్మిదేండ్ల ప్రాయమున అలీసా ఫ్రెంచి భాషలో నొక సాహస కథను చదివెను. ఆ కథ జరిగిన స్థలము మన హిందూదేశమే. అందలి సైరస్ అను ఆంగ్లేయ వీరుని ధైర్యమునకు ఆ బాలిక ముగ్ధురాలై, అట్టి వీరులను తానును సృష్టింపవలెనని, రచయిత్రి కావలెనని నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయమును ఆమె మరణపర్యంతము విడువలేదు.

1917లో రష్యాయందు రెండు విప్లవములు జరిగెను. మొదటి దానిలో చక్రవర్తి సింహాసనము పోయెను. రెండవ దానిలో బోల్షివిక్కులు అధికారమునకు వచ్చిరి. బీదల కష్టము నిజమైనది. రైతుల ఆకలి నిజమైనది. వారి పేరు చెప్పియే క్రొత్త ప్రభుత్వము దుకాణములను, కర్మాగారములను స్వాధీనము చేసికొనెను. 1918లో సైనికులు ఆయుధములతో వచ్చి జినోవి దుకాణమును మూసి ముద్ర వేసిరి. అప్పటికి అలీసా వయస్సు పదుమూడేండ్లు. ఎవరికిని ద్రోహము చేయని తండ్రి, తన చేతులతో సంపాదించుకొన్నది పోవుచుండగా మాట లేక నిలిచియుండుటను ఆ బాలిక చూచెను. ప్రజల కొఱకని చెప్పి ఒక మనుష్యుని అణచివేయుట యెట్టిదో ఆమె అక్కడ నేర్చుకొనెను. తరువాత ఆమె వ్రాసిన ప్రతి గ్రంథమందును ఆ ముద్ర పడిన తలుపు ఏదో యొక రూపమున కనబడుచునేయుండును.

కుటుంబమువారు నగరమును విడిచి క్రిమియా ద్వీపకల్పమందలి యెవ్పతోరియా పట్టణమునకు పోయిరి. అక్కడ అంతర్యుద్ధము జరుగుచుండెను. ఉన్నతపాఠశాల చదువు ముగించిన పిమ్మట అలీసా అక్షరములు రాని ఎఱ్ఱసేన సైనికులకు కొంతకాలము చదువను వ్రాయను నేర్పెను. వారిని ద్వేషించుటకు ఆమెకు కారణములుండినను, వారి నేర్చుకొను ఆసక్తిని చూచి సంతోషించినదని ఆమె జీవితకథకులు వ్రాయుదురు. ఉపాధ్యాయులమగు మాకు ఈ చిన్న సంగతి మిక్కిలి ప్రియముగా నున్నది.

విద్యయు ప్రయాణమును

1921లో వారు మరల పెట్రోగ్రాడునకు వచ్చిరి. ఆ సంవత్సరము రష్యాలో ఘోరమైన కఱవు వచ్చి లక్షల కొలది జనులు మరణించిరి. నగరమునందు రొట్టెకును, కట్టెలకును కటకటగా నుండెను. అలీసా విశ్వవిద్యాలయమున ప్రవేశించి చరిత్రమును ముఖ్యవిషయముగా చదివెను. ఇందొక విచిత్రము గలదు. జారుల కాలమందు స్త్రీలకును, యూదులకును దుర్లభమైయుండిన ఆ విశ్వవిద్యాలయపు తలుపులు విప్లవము వలననే విరివిగా తెఱువబడెను. తండ్రి దుకాణమును మూసిన చేయియే కుమార్తెకు కళాశాలను తెఱచెను. న్యాయముగా వ్రాయ దలచినవారు ఈ సంగతిని దాచరాదు.

కాని ఆ తలుపు తెఱచినవారే దానిని మూయుటకును సమర్థులు. కార్మికుల బిడ్డలు కానివారిని ప్రభుత్వము విశ్వవిద్యాలయము నుండి వెళ్లగొట్టగా, అలీసా పేరును ఆ పట్టికలో చేరెను. పరదేశములనుండి వచ్చిన విద్వాంసులు ఆ అన్యాయమును గూర్చి ప్రశ్నించినందున, చదువు ముగియవచ్చిన విద్యార్థులు మరల చేర్చుకొనబడిరి. ఆ విధముగా ఆమె 1924లో పట్టము పొందెను. పిమ్మట లెనిన్‌గ్రాడులోని చలనచిత్ర విద్యాలయమున చేరి సినిమా కథలు వ్రాయు పద్ధతిని నేర్చుకొనసాగెను. ఆ దినములలో పరదేశపు చిత్రములే ఆమెకు కిటికీ వంటివి. ఆకలియు, చలియు, భయమును గల ఆ నగరమున, తెల్లని తెరపై కనబడు న్యూయార్కు మేడలను చూచుటకై ఆమె పలుమారు సినిమాశాలకు పోవుచుండెను.

అమెరికాలోని చికాగో నగరమున తల్లివైపు బంధువులుండిరి. వారు పిలిచినందున 1925లో ఆమెకు ప్రయాణపు అనుమతి దొరకెను. ఖర్చులకై తల్లి తన నగలను అమ్మినదని జీవితకథకులు చెప్పుదురు. చుట్టములను చూచి తిరిగి వచ్చెదనని అధికారులతో చెప్పి, తిరిగిరాకూడదని మనస్సులో నిశ్చయించుకొని, 1926 జనవరిలో ఆమె రైలెక్కెను. ఫిబ్రవరిలో న్యూయార్కు రేవున దిగెను. ఆ రైలు వేదికమీద విడిచిన తల్లిదండ్రులను ఆమె మరల చూడలేదు. వారిని అమెరికాకు రప్పింపవలెనని ప్రయత్నించెను గాని సోవియట్ ప్రభుత్వము సెలవీయలేదు. తండ్రి 1939లోను, తల్లి 1941లోను ఆ నగరముననే మరణించిరి.

హాలివుడ్

చికాగోలోని బంధువులలో నొకరికి సినిమాశాల యుండెను. క్రొత్తగా వచ్చిన పిల్ల అక్కడ కూర్చుండి చిత్రములు చూచుచు ఆంగ్లము నేర్చుకొనెను. అయిన్ రాండ్ అను క్రొత్త పేరును పెట్టుకొనెను. బంధువులు కొంత ధనమును, ఒక సిఫారసు ఉత్తరమును ఇచ్చి ఆమెను హాలివుడ్డునకు పంపిరి.

అక్కడ ప్రసిద్ధ దర్శకుడగు సెసిల్ డి మిల్ తన స్టూడియో వాకిట నిలిచి తనవైపే చూచుచున్న ఈ పరదేశపు యువతిని చూచి, కారు నాపి, సంగతి విచారించి, లోనికి తీసికొనిపోయెను. అప్పుడాయన తీయుచుండిన చిత్రము "ది కింగ్ ఆఫ్ కింగ్స్." అది మన రక్షకుడగు యేసుక్రీస్తు జీవితము. 1927లో విడుదలయైన పిమ్మట క్రైస్తవ సంఘములు దానిని అనేక సంవత్సరములు ప్రదర్శించుచుండెను. ఆ చిత్రమునందు యెరూషలేము జనసమూహములో నిలుచుటకు అయిన్ రాండ్‌కు పని దొరకెను. క్రీస్తు బోధించిన పరోపకారమును తరువాత తన జీవితమంతయు ఖండించిన స్త్రీ, హాలివుడ్డునందు తన మొదటి కూలిని క్రీస్తు కథలోని గుంపులో నిలిచి సంపాదించెను. తన భర్తయైన ఫ్రాంక్ ఓకానర్ అను నటుని ఆమె కలిసికొన్నదియు ఆ చిత్రపు పనిలోనే. వారికి 1929లో వివాహము జరిగెను. 1931లో ఆమె అమెరికా పౌరురాలయ్యెను.

వివాహమైన సంవత్సరమే, 1929 అక్టోబరులో, న్యూయార్కు వాటాల బజారు కూలెను. పిమ్మట వచ్చిన ఆర్థిక మాంద్యము ఇంతింత యనరానిది. వేల కొలది బ్యాంకులు మూతపడెను. 1933 నాటికి అమెరికాలో పనిచేయగలవారిలో సుమారు నలుగురి కొకరికి పని లేకుండెను. ఉచిత భోజనమునకై వీధులలో బారులు తీర్చి నిలిచిన జనుల ఛాయాచిత్రములను మీరు చరిత్ర పుస్తకములలో చూచియుందురు. అయిన్ రాండ్ ఆ దినములలో ఒక స్టూడియోయందు నటుల దుస్తులు భద్రపఱచు శాఖలో పనిచేయుచు, రాత్రులు ఆంగ్లమున వ్రాయుట అభ్యసించుచుండెను.

అధ్యక్షుడగు రూజ్వెల్టు 1933లో అధికారమునకు వచ్చి, ధరలను, కూలిరేట్లను, ఉత్పత్తిని నియమించు అనేక ఏర్పాట్లను గావించెను. ఆకలిగొన్న వారికి అవి అన్నమిచ్చు చేయివలె కనబడెను. అయిన్ రాండ్‌కు మాత్రము వాటి వెనుక పెట్రోగ్రాడునందలి సైనికుల నీడ కనబడెను. ఒకే సంగతిని చూచిన రెండు జతల కన్నులు ఇంత భిన్నముగా చూచుటకు కారణము వారి వారి బాల్యములలో నున్నది.

గ్రంథములు

1932లో ఒక సినిమా కథను యూనివర్సల్ స్టూడియోకు 1,500 డాలర్లకు అమ్మి, దుస్తుల శాఖలోని పని మానుకొనెను. 1935లో ఆమె నాటకమొకటి న్యూయార్కు రంగస్థలమెక్కెను. అది యొక న్యాయస్థాన కథ. ప్రేక్షకులలోనుండి కొందఱిని పిలిచి జ్యూరీగా కూర్చుండబెట్టి, వారి తీర్పుననుసరించి కథ ముగించుట దాని విశేషము.

1936లో "వి ద లివింగ్" అను మొదటి నవల వెలువడెను. విప్లవానంతరము పెట్రోగ్రాడులో ఒక యువతి పడిన బాధ అందు వర్ణింపబడెను. ఆ కథను 1942లో ఇటలీ దేశీయులు ఆమె అనుమతి లేకయే చలనచిత్రముగా తీసిరి. ముస్సోలిని ప్రభుత్వము అది కమ్యూనిస్టులను తిట్టు కథ యని మొదట సంతోషించెను. కాని జనులు దానిని చూచి, నిందింపబడినది ఒక్క రష్యా ప్రభుత్వము మాత్రమే కాదనియు, మనుష్యుని అణచు సర్వాధికారము లన్నియు ననియు గ్రహించిరి. వెంటనే ఆ చిత్రము నిషేధింపబడెను. నియంత తన ముఖమును అద్దమున గుర్తుపట్టెనని చెప్పవచ్చును.

"ది ఫౌంటెన్‌హెడ్" అను రెండవ పెద్ద నవలకు సుమారు ఏడు సంవత్సరములు పట్టెను. తన పటములను ఇతరులు మార్చుటకు ఒప్పుకొనని ఒక భవన నిర్మాతయే దాని నాయకుడు. పన్నిద్దరు ప్రచురణకర్తలు దానిని త్రోసివేసిరి. తుదకు ఆర్చిబాల్డ్ ఆగ్డెన్ అను యువ సంపాదకుడు, ఈ గ్రంథము మన సంస్థకు తగనిచో నేనును తగనని తన పై అధికారికి తెలిపి, ఉద్యోగమునే పందెమొడ్డెను. 1943లో ప్రచురింపబడి అది మెల్లమెల్లగా లక్షలు అమ్ముడుపోయెను. 1949లో చలనచిత్రమై వచ్చెను. దాని సంభాషణలను ఆమెయే వ్రాసెను.

ఆమె జీవితమందు మాకు నచ్చని ఘట్టమొకటి కలదు. 1947లో అమెరికా ప్రజాప్రతినిధుల సభాసంఘమొకటి సినిమా రచయితల రాజకీయాభిప్రాయములను విచారించుచుండగా, ఆమె దానిముందు సాక్ష్యమిచ్చెను. రష్యానుగూర్చి చిత్రములలో అబద్ధములు చూపుచున్నారని ఆమె చెప్పినది నిజమే. కాని ఆ సభకు ఉత్తరమిచ్చుటకు నిరాకరించిన పదిమంది తరువాత చెఱసాలకు పోయిరి. మనస్సాక్షి స్వాతంత్ర్యమును గూర్చి వ్రాసిన స్త్రీ అట్టి సభకు తోడ్పడుట తగినదా యని అడుగుటకు చదువరులకు అధికారము కలదు.

అట్లాసు కథ

1943లో ఒక స్నేహితురాలితో టెలిఫోనున మాటలాడుచుండగా ఆమెకొక యూహ కలిగెను. కూలివారు సమ్మె కట్టినచో పనులు ఆగును. లోకమందలి శాస్త్రజ్ఞులు, యంత్ర నిర్మాతలు, వ్యాపార సమర్థులు సమ్మె కట్టినచో నేమగును? ఈ యూహపై ఆమె పండ్రెండు సంవత్సరములకు మించి పాటుపడెను. ఉక్కు కర్మాగారములను తిరిగి చూచెను. న్యూయార్కు సెంట్రల్ రైల్వేవారి అనుమతితో ఇంజనులో నిలిచి ప్రయాణము చేసి, కొంతసేపు తానే దానిని నడిపెను. కథానాయకుడు రేడియోలో చేయు ఉపన్యాసము ఒక్కటే వ్రాయుటకు రెండేండ్లు పట్టెను. 1957 అక్టోబరులో వెయ్యి పుటలకు పైబడిన ఆ గ్రంథము వెలువడెను.

అట్లాసు అనగా గ్రీకుల పురాణములలో ఆకాశమును భుజములపై మోయు రాక్షసుడు. మన దేశీయులు ఆదిశేషుడు భూమిని మోయుచున్నాడని చెప్పుకొన్నట్లే యిదియు. ఆ మోయువాడు విసిగి భుజము విదిలించినచో నేమగునని ఆ పేరునకు భావము.

చలనచిత్రపు మొదటి భాగము విడుదలయైనది 2011 ఏప్రిలులో. కథ మాత్రము 2016లో జరిగినట్లు చూపబడెను. చమురు దుర్లభమై, విమానములును కార్లును సామాన్యులకు అందక, దేశమునకు రైళ్లే దిక్కైనవి. పట్టాలు పాతబడి ప్రమాదములు జరుగుచున్నవి. డాగ్ని టాగర్టు అను స్త్రీ తన కుటుంబపు రైల్వేను నిలబెట్ట జూచును. హాంక్ రియర్డన్ అను ఉక్కు వ్యాపారి క్రొత్త లోహమును కనిపెట్టి ఆమెకు పట్టాలు చేసియిచ్చును. వారి విజయమును ఓర్వలేని పోటీదారులు రాజధానిలో అధికారులను పట్టుకొని, ఒక్కడు ఒక్క వ్యాపారమునకు మించి ఉంచుకొనరాదని చట్టము చేయింతురు. బాగుగా నడచు పరిశ్రమలపై భారము పెరుగును. ఒక చమురు గనుల యజమాని తన బావులకు తానే నిప్పుపెట్టి మాయమగును.

రెండవ భాగమున ప్రభుత్వము ఇంకను భయంకరమైన యుత్తరువు చేయును. ఎవడును తన ఉద్యోగమును విడువరాదు. కూలియు ధరయు మారరాదు. క్రొత్త వస్తువులను కనిపెట్టినవారు తమ హక్కులను ప్రభుత్వమునకు దానముగా వ్రాసి యీయవలెను. అధికారి ఆజ్ఞకు భయపడిన నౌకరులు, సొరంగములోనికి పొగబండిని పంపగా ప్రయాణికులందఱు మరణింతురు. మూడవ భాగమున, మాయమైనవారందఱు కొండల నడుమ నొక లోయలో నివసించుచున్నారనియు, వారిని పిలిచినవాడు జాన్ గాల్ట్ అను యంత్ర నిర్మాత యనియు తెలియును. తుదకు మహానగరపు దీపములారిపోవును.

కథ యింత గొప్పదైనను చిత్రములు జయమొందలేదు. ఒక్కొక్క భాగమున వేర్వేఱు నటులు కనబడుటచే చూచువారికి తికమక కలిగెను. విమర్శకులు నిందించిరి. మొదటి భాగమునకు వ్రయమైన సొమ్ములో నాలుగవ వంతు కూడ టిక్కెట్ల వలన రాలేదని చెప్పుదురు. తరువాతి భాగముల గతి ఇంకను హీనము. బజారు తీర్పే న్యాయమైన తీర్పని నమ్మినవారి చిత్రమును బజారే త్రోసివేసెను. గ్రంథము మాత్రము నేటికిని అమ్ముడుపోవుచున్నది.

అంత్యదినములు

ఆ గ్రంథమును పండితులనేకులు తీవ్రముగా ఖండించిరి. వారిలో నొకడు విట్టేకర్ చేంబర్సు. ఆయనయు ఒకప్పుడు కమ్యూనిస్టుగా నుండి ఆ మార్గమును విడిచి క్రైస్తవ విశ్వాసమునకు వచ్చినవాడు. దయకు చోటులేని స్వాతంత్ర్యము మరియొక బలాత్కారమునకే దారితీయునని ఆయన భయపడెను. అయినను యువకులు ఆమె చుట్టు చేరిరి. వారిలో ఆలన్ గ్రీన్‌స్పాన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు తరువాత 1987 నుండి 2006 వఱకు అమెరికా కేంద్ర బ్యాంకునకు అధ్యక్షుడయ్యెను. 2008లో బ్యాంకులు కూలిన పిమ్మట, తన సిద్ధాంతమందు లోపమును కనుగొంటినని ఆయన చట్టసభ యెదుట ఒప్పుకొనెను. అదే సంక్షోభము వలన ఆమె గ్రంథమునకు గిరాకి మిక్కిలి పెరిగెను. ఒకే విపత్తు శిష్యుని సందేహింపజేసి, క్రొత్త చదువరులను ఆకర్షించెను.

స్వాతంత్ర్యమును బోధించిన ఆమె తన శిష్యులు భిన్నాభిప్రాయము కలిగియుండుటను ఓర్వలేకపోయెను. 1968లో తన ముఖ్య శిష్యునితో తెగతెంపులు చేసికొనెను. 1973లో చెల్లెలు నోరా రష్యానుండి చూడవచ్చెను. నలుబదియేడేండ్ల యెడబాటు తరువాత కలిసిన అక్కచెల్లెండ్రకు మనస్సులు కలియలేదు. నోరా తిరిగి వెళ్లిపోయెను. 1974లో ఊపిరితిత్తుల పుట్టకు ఆమెకు శస్త్రచికిత్స జరిగెను. వృద్ధాప్యమున ప్రభుత్వమిచ్చు పింఛనును, వైద్య సహాయమును ఆమెయు స్వీకరించెను. తాను పన్నులుగా చెల్లించిన ధనమునే తిరిగి తీసికొనుట తప్పుకాదని ఆమె అదివఱకే వాదించియుండెను గనుక ఆమెను వంచకురాలనుట న్యాయము కాదు. కాని రోగమును వృద్ధాప్యమును సమర్థులను సైతము విడువవని మాత్రము దాని వలన తెలియుచున్నది.

1979లో భర్త మరణించెను. అట్లాసు కథను తెరకెక్కింపవలెనని తానే సంభాషణలు వ్రాయుచు, పని సగమునకు రాకముందే, 1982 మార్చి 6వ తేదీన న్యూయార్కునందు ఆమె కన్నుమూసెను. భర్త ప్రక్కనే సమాధి చేయబడెను. ఆమె ద్వేషించిన సోవియట్ రాజ్యము 1991లో అంతరించినది. ఆమె దానిని చూడలేదు.

మా యభిప్రాయము

ఇప్పుడు విద్యార్థుల ప్రశ్నకు వచ్చెదము. ఆ చిత్రపు నీతి నిజమా, అబద్ధమా?

మనుష్యుని శక్తిని బలాత్కారముచే లాగికొన్నచో అది యెండిపోవునని ఆమె చెప్పినది నిజము. మన ప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానమందును యజమానుడు ఎవని సామర్థ్యము కొలది వానికిచ్చెను; వృద్ధి చేసినవానిని మెచ్చుకొనెను; భయపడి పాతిపెట్టినవానిని గద్దించెను. పేదల పేరు చెప్పి పేదలనే ఆకలికి చంపిన ప్రభుత్వములు 20వ శతాబ్దమున నుండెను. 1932, 1933 సంవత్సరములలో ఉక్రెయిన్ దేశపు రైతులయొద్దనుండి ధాన్యమును లాగికొనగా లక్షల మంది మరణించిరి. కావున ఆమె భయము వట్టి కల్పన కాదు.

కాని ఆ చిత్రమును మరల చూడుడు. అందు పసిబిడ్డలు ఎందఱు? మంచమున పడినవారు ఎందఱు? ముసలివారిని ఎవరు చూచుచున్నారు? ఆ లోయలోని సమర్థులకు అక్షరములు నేర్పినవారెవరు? ఆ కథ యెప్పుడును మనుష్యుని ముప్పదియైదేండ్ల వయస్సున, ఆరోగ్యముగా నున్నప్పుడు చూచును. మేము పాఠశాలలో మనుష్యుని ఐదేండ్ల వయస్సునుండి చూచుచున్నాము. అక్కడ ఒకరి చేయి పట్టుకొనక నడచినవారిని మేమెన్నడును చూడలేదు.

ఆమె జీవితమే యిందుకు సాక్ష్యము. తల్లి నగలు అమ్మెను, బంధువులు అన్నము పెట్టిరి, అపరిచితుడు కారు నాపెను, సంపాదకుడు ఉద్యోగమొడ్డెను. వీరు తమకు విలువైనదానిని ఇష్టముతో చేసిరి గాని త్యాగము చేయలేదని ఆమె యనును. మంచిదే. ఎవరును వారిని నిర్బంధింపలేదు. ప్రేమను చట్టముచే రాబట్టరాదను మాటలో మేము ఆమెతో నున్నాము. కాని నిర్బంధము లేనంతమాత్రమున బాధ్యత లేకపోదు. మంచి సమరయుడు దారిలో పడియున్నవాని కొఱకు రెండు దేనారములు ఖర్చుపెట్టెను. ఏ అధికారియు వానిని అడుగలేదు. ఆ దేనారములు వాని సొంతము కానిచో వాడు ఇచ్చియుండలేడు. వాడు స్వతంత్రుడు కానిచో అది ప్రేమ యనిపించుకొనదు. అయినను ప్రక్కగా పోయినవారు నిర్దోషులని ప్రభువు చెప్పలేదు. అయిన్ రాండ్ ఈ కథలో సగమును మనకంటె బాగుగా చూచెను. తక్కిన సగమును చూడలేదు.

అపొస్తలుడగు పౌలు గలతీయులకు వ్రాసిన పత్రికయొక్క 6వ అధ్యాయమున, పరస్పరము భారములు మోయుటను, ఎవని బరువు వాడే మోయుటను కొద్ది పంక్తుల యెడముతో రెండింటిని బోధించెను. మొదటి మాటను మఱచిన దేశము క్రూరమగును; రెండవ మాటను మఱచిన దేశము బానిసయగును. రష్యా యొకటి మఱచెను. అయిన్ రాండ్ మరియొకటి మఱచెను.

విద్యార్థులారా, మీకు దేవుడిచ్చిన తెలివిని దాచకుడి. దానిని బలముతో లాగికొన వచ్చువారికి లొంగకుడి. సొంత కష్టమున సంపాదించుటకు సిగ్గుపడకుడి. కాని సంపాదించిన పిమ్మట మీ తల్లి ఏ నగ అమ్మి మిమ్ము చదివించెనో, ఏ ఉపాధ్యాయుడు సాయంకాలము మీతో కూర్చుండెనో లెక్క వ్రాసికొనుడి. ఆ లెక్క చూచుకొన్నవాడు అట్లాసువలె భుజము విదిలింపడు. తన ప్రక్కవాని భుజముమీది బరువువైపు చూచును.